రిమ్ము లోపలి తుప్పు: బుల్లెట్ చక్రాల ప్రాజెక్టు డైరీ

ఆదివారం ఉదయం

పనికి తీసుకున్నది మద్రాసు శివారు తిరువొత్తియూరు కర్మాగారంలో 1990ల తొలినాళ్లలో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350. రెండు చక్రాలూ 19 అంగుళాలవే. రిమ్ములు క్రోమ్ పూసిన ఉక్కువి, ఒక్కో చక్రానికి 40 స్పోకులు. బండి చాలా ఏళ్లుగా విశాఖపట్నంలో, సముద్రానికి పెద్దగా దూరం లేని వీధిలో, రేకుల షెడ్డు కింద ఉంటోంది. ఇంజను బాగానే ఉంది, రంగు కూడా పరవాలేదు. చక్రాలు మాత్రం చూడగానే మనసు చివుక్కుమనే స్థితికి వచ్చాయి.

దూరం నుంచి రిమ్ము మీద గోధుమరంగు పొర పరుచుకున్నట్టు కనిపిస్తుంది గాని, దగ్గరికి వెళితే అవన్నీ విడివిడి చుక్కలే. క్రోమ్‌కు తుప్పు పట్టదు. మెరుపు కోసం వేసే క్రోమ్ పూత సాధారణంగా ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా ఉండదు. ఉక్కుకు అసలైన కాపు దాని కింద ఉండే నికెల్ పొర. క్రోమ్‌లో కంటికి ఆనని పగుళ్లు, రంధ్రాలు మొదటి నుంచీ ఉంటాయి. నికెల్ పలుచబడిన చోట ఉప్పుతేమ ఆ రంధ్రాల గుండా ఉక్కు దాకా దిగుతుంది, అక్కడ పుట్టిన తుప్పు వచ్చిన దారినే పైకి ఉబికి చుట్టూ మరకలా వ్యాపిస్తుంది. కాబట్టి మనకు కనిపించే గోధుమరంగులో చాలా భాగం పైకి చేరిన మరకే, అది పోతుంది. దానికి మూలమైన గుంట మాత్రం పోదు. ఈ తేడా ముందే తెలుసుకుంటే ఎంతవరకు రుద్దాలో, ఎక్కడ చెయ్యి ఆపాలో అర్థమవుతుంది.

టైరు విప్పకుండా, బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, పాలిష్ పూసి గుడ్డతో తుడిచి ముగించేవారే ఎక్కువ. ఆ పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. స్పోకుల చక్రంలో రిమ్ము లోపలి వైపు, అంటే ట్యూబు ఆనే లోతట్టు భాగంలో ఏముందో చూడకుండా బయట ఎంత మెరిపించినా ఆ చక్రం ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేము. క్రోమ్ పూసే విద్యుత్ ప్రక్రియలో పూత ఎత్తైన భాగాల మీద దట్టంగా, లోతైన భాగాల్లో చాలా పలుచగా పడుతుంది. రిమ్ము లోతట్టు భాగం పుట్టుకతోనే తక్కువ రక్షణ పొందిందన్నమాట. పైగా వర్షపు నీరు స్పోకుల రంధ్రాల గుండా, వాల్వు పక్క నుంచి లోపలికి చేరుతుంది, ట్యూబుకూ స్పోకుల కొనలకూ మధ్య ఉండే రబ్బరు పట్టీ కింద చిక్కుకుని తొందరగా ఆరదు. అందుకే ఈ ప్రాజెక్టులో రెండు టైర్లనూ విప్పాలన్నది మొదటి నిర్ణయం.

విప్పకముందు చేయవలసినది ఒకటుంది. చక్రం బండికి ఉండగానే రిమ్ము అంచుకూ ఫోర్కు కాళ్లకూ మధ్య దూరాన్ని రెండు పక్కలా కొలిచి రాసుకున్నాను. స్పోకులు కదిలించిన తరువాత రిమ్మును తిరిగి ఎక్కడికి తేవాలో చెప్పేది ఈ కొలతే. టైరు తిరిగే దిశను సుద్దతో గుర్తుపెట్టి, వెనక చక్రం దగ్గర గొలుసు బిగువు సరిచేసే సర్దుబాట్లు ఎక్కడున్నాయో ఫోటో తీసి పెట్టుకున్నాను.

అదే రోజు సాయంత్రం

ముందు చక్రం బయటికి వచ్చింది. బ్రేక్ ప్లేటు తీసి డ్రమ్ము లోపలి ధూళిని తడిగుడ్డతో తుడిచాను. పాత బ్రేక్ షూలలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది గనుక ఈ ధూళిని నోటితో గాని, గాలి పంపుతో గాని ఊదకూడదు. తుడిచిన గుడ్డను కూడా తడిగానే సంచిలో కట్టి పారేయాలి. తరువాత డ్రమ్ము నోటికి అట్టముక్క కోసి టేపుతో అతికించాను. ఇకపై కిరోసిన్, పాలిష్, నూనె వాడతాము, అందులో ఒక్క చుక్క కూడా బ్రేకు తగిలే తలం మీద పడకూడదు.

టైరు అంచును సబ్బు నీళ్లతో తడిపి లీవర్లతో విప్పాను. రబ్బరు పట్టీ తీయగానే అనుకున్నదే కనిపించింది. లోతట్టు భాగమంతా ఎర్రగా పొరలు పొరలుగా లేస్తోంది. నిపుళ్ల (స్పోకులను రిమ్ముకు బిగించే చిన్న ఇత్తడి నట్ల) తలల చుట్టూ తుప్పు పొడి గట్టిపడి ఉంది. రెండు మూడు చోట్ల స్పోకు కొన నిపుల్ దాటి పైకి పొడుచుకు వచ్చి, పట్టీ మీద గాటు పెట్టింది. ఇంకొన్నాళ్లు ఉంటే పట్టీ చిరిగి ట్యూబుకు తగిలేది. బయట ఎంత పాలిష్ పెట్టినా ఈ సంగతి తెలిసేది కాదు.

గరుకు ఇనుప బ్రష్షుతో వదులు తుప్పును రాల్చి, సన్నని స్క్రూడ్రైవరుతో ప్రతి నిపుల్ చుట్టూ గీకి, ఉక్కు మందం ఎంత మిగిలిందో చూశాను. గుంటలు ఉన్నాయి గాని లోతు లేవు. గట్టిగా నొక్కినా మొన లోపలికి దిగలేదు. స్పోకు రంధ్రాల చుట్టూ పగుళ్లు ఉన్నాయేమో భూతద్దంతో వెదికాను. పగులు కనిపించిన రిమ్మును మెరిపించే ప్రయత్నం చేయకూడదు, మార్చవలసిందే. ఇది మార్చనవసరం లేని రిమ్ము.

ప్రతి నిపుల్ మొదట్లో, తుప్పు వదిలించే పలుచని నూనెను బయటి నుంచి ఒక చుక్క, లోపలి నుంచి ఒక చుక్క వేసి, చక్రాన్ని గోడకు ఆనించి వదిలేశాను. ఈ నూనెకు తొందర పెడితే లాభం లేదు. మరలోకి దిగడానికి దానికి రాత్రంతా పడుతుంది.

బుధవారం రాత్రి

ఈ రోజు కడగడంతోనే సరిపోయింది. హబ్బు (చక్రం నడిబొడ్డు) దగ్గర పేరుకున్న గ్రీజు మడ్డిని కిరోసిన్‌లో ముంచిన పాత పెయింటు బ్రష్షుతో కరిగించి, ఆపై గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగాను. ప్రెషర్ వాషర్ వాడలేదు. ఆ నీటి ధాటి బేరింగు సీలును దాటి లోపలికి వెళితే గ్రీజు పాడవుతుంది, ఆ సంగతి బేరింగు మోగే దాకా బయటపడదు.

మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో రిమ్ము రుద్దితే తుప్పు చటుక్కున పోతుందని సలహా ఇచ్చేవారు ఉన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. అందులో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తుప్పునే కాక క్రోమ్‌ను కూడా కరిగిస్తుంది, స్పోకుల మీది జింకు పూతను నిమిషాల్లో తినేస్తుంది, హబ్బు అల్యూమినియాన్ని నల్లబరుస్తుంది. పూత రంధ్రాల్లో చిక్కిన ఆమ్లపు అవశేషం తరువాత కూడా ఉక్కును తింటూనే ఉంటుంది. రుద్దిన రోజు తెల్లగా కనిపించిన చక్రం కొద్ది రోజుల్లోనే మునుపటి కంటే ఎర్రబడుతుంది. కాస్టిక్ సోడా కలిసిన క్లీనర్లు కూడా అల్యూమినియం హబ్బుకు శత్రువులే.

పూత పూర్తిగా పోయిన చిన్న ఉక్కు సామాను, అంటే వాషర్లు, స్పేసర్లు వంటి వాటికి మాత్రం నిమ్మ ఉప్పు వాడాను. లీటరు వేడినీటికి సుమారు 50 గ్రాములు కలిపి రాత్రంతా నానబెడితే తుప్పు మెత్తబడి బ్రష్షుకే ఊడివస్తుంది. తీసిన వెంటనే వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, ఆరబెట్టి, నూనె చెయ్యి తగిలించాలి. ఆలస్యమైతే శుభ్రపడిన ఉక్కు కళ్లముందే మళ్లీ పసుపురంగుకు తిరుగుతుంది.

శనివారం

పాలిష్ కంటే ముందు చక్రం బిగువు చూడాలి. క్రమం ఇలా ఎందుకంటే, రిమ్ము లోపల రంగు వేసిన తరువాత నిపుళ్లు తిప్పితే ఆ రంగు పగిలి నీటికి దారి ఇస్తుంది. స్పోకులకు మెరుగు పెట్టిన తరువాత, నిపుళ్లను తిప్పే చిన్న తాళంచెవి వాడితే గీతలు పడతాయి.

ఊళ్లో స్పోకుల చక్రాలు కట్టే మేస్త్రీలు ఇప్పుడు తగ్గిపోయారు. అల్లాయ్ చక్రాలు వచ్చాక ఆ పనికి వచ్చేవారు లేరు. పాత బస్టాండు వైపు ఒక పెద్దాయన ఇంకా చేస్తున్నారని తెలిసి చక్రాన్ని ఆటోలో వేసుకుని వెళ్లాను. ఆయన చక్రాన్ని తిప్పి చూడలేదు. ముందు సన్నని రెంచితో ఒక్కొక్క స్పోకునూ తట్టుతూ చుట్టూ వచ్చి, మోగని చోటల్లా సుద్దగీత పెట్టారు.

“మేస్త్రి గారూ, అన్నీ ఒకేలా మోగాలా?” అని అడిగాను.

“అన్నీ ఒకేలా మోగవు బాబూ. ఒక పక్కవి ఒకలా, రెండో పక్కవి ఒకలా మోగినా పరవాలేదు. ఒకే పక్కన ఉన్నవాటిలో ఒకటి దబ్‌మని పలికిందంటే మాత్రం దాని బరువు పక్కదాని మీద పడుతోందని లెక్క. ఇరిగేది ఆ పక్కదే.”

ఆయన చెప్పినది చక్రం పనిచేసే తీరే. స్పోకులన్నీ ముందే బిగించి లాగి ఉంటాయి. బండి బరువు పడినప్పుడు నేలవైపు ఉన్న స్పోకుల బిగువు కొంత తగ్గుతుంది, చక్రం తిరిగే కొద్దీ ఆ తగ్గుదల ఒక్కొక్క స్పోకుకూ వచ్చి పోతుంది. బిగువు చాలినంత ఉన్న స్పోకు ఆ మార్పును తట్టుకుంటుంది. వదులుగా ఉన్నది ప్రతి చుట్టులో పూర్తిగా సడలి మళ్లీ గుంజుకుంటుంది, పొరుగు స్పోకుల మీద అదనపు భారం వేస్తుంది. లోహం అలసి విరిగేది చాలావరకు హబ్బు అంచులో స్పోకు వంపు తిరిగే చోటే. అందుకే శుభ్రం చేసేటప్పుడు ఆ వంపులను ఒక్కొక్కటిగా చూడాలి. జిడ్డు కింద దాగిన సన్నని పగులును చూసే అవకాశం మళ్లీ ఎప్పుడో గాని రాదు.

తిప్పే పని ఆయన దగ్గర చూసి, ఇంటికి వచ్చి నేనే చేశాను. ఇరుసును ఫోర్కులోనే బిగించి, ఫోర్కు కాలికి ఒక ప్లాస్టిక్ టై కట్టి, దాని కొన రిమ్ముకు దాదాపు తగిలేలా కోశాను. ముందు ఎగుడుదిగుడు సరిచేయాలి, ఆ తరువాతే పక్క ఊపు. రిమ్ము కుడికి వెళుతున్న చోట, హబ్బు ఎడమ అంచు నుంచి వచ్చే స్పోకులను పావు చుట్టు బిగించి, కుడి అంచువాటిని అంతే వదులు చేయాలి. ఒకే స్పోకుతో లాగేయాలని చూడకూడదు. చుట్టుపక్కల నాలుగైదింటికి ఆ పనిని పంచాలి. నిపుల్‌ను టైరు వైపు నుంచి చూసినప్పుడు గడియారం ముల్లు దిశలో తిప్పితే బిగుస్తుంది. హబ్బు వైపు నుంచి చూస్తూ పనిచేసేవారికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది గనుక మొదటి నిపుల్ దగ్గరే నిదానించి సరిచూసుకోవడం మంచిది. రాని నిపుల్‌ను బలవంతంగా తిప్పితే ఇత్తడి అంచులు అరిగి తాళంచెవి జారిపోతుంది. నూనె వేసి, హాట్ ఎయిర్ గన్నుతో కాస్త వేడిచేసి, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిలిస్తే చాలావరకు వస్తాయి. మొండికేసిన ఒక జతను కోసి కొత్త స్పోకులు, కొత్త నిపుళ్లు వేశాను.

చాలా కంపెనీల సర్వీసు పుస్తకాలు రిమ్ము ఊపుకు 2 మిల్లీమీటర్లను హద్దుగా చెబుతాయి. ఈ చక్రం ఒక మిల్లీమీటరు లోపలికి వచ్చింది. ఆదివారం రాసుకున్న కొలతతో మధ్యరేఖ సరిపోయింది. నిపుల్ దాటిన స్పోకు కొనలను ఆకురాయితో రాకి నిపుల్ తలతో సమం చేశాను.

ఆదివారం

క్రోమ్ వంతు ఇప్పుడు వచ్చింది. గరుకు కాగితం, గిన్నెలు తోమే స్టీల్ పీచు దీనికి పనికిరావు. పీచు గీతలు పెడుతుంది, దాని తునకలు రంధ్రాల్లో చిక్కుకుని అవే కొత్త తుప్పు చుక్కలవుతాయి. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్‌ను ఉండగా నలిపి, నీటిలో ముంచి రుద్దాను. అల్యూమినియం క్రోమ్ కంటే ఎంతో మెత్తనిది గనుక పూత మీద గీత పడదు, తుప్పు మరక మాత్రం ఊడుతుంది. నల్లటి నీరు కారుతుంది, దాన్ని తుడుస్తూ, ఫాయిల్ మారుస్తూ, చేతి వెడల్పు చొప్పున ముందుకు సాగాలి. పెద్ద తుప్పు కురుపులున్న చోట ఇత్తడి తీగల బ్రష్షు వాడాను. ఇత్తడి కూడా క్రోమ్ కంటే మెత్తనిదే.

మరక పోయాక గుంటలు నల్లని చుక్కలుగా మిగిలాయి. వాటిని అలాగే ఉండనిచ్చాను. వాటిని కూడా మాయం చేయాలని రుద్దుతూ పోతే చుట్టూ ఉన్న మంచి పూత అరుగుతుంది. అంచు లేచిన పూత ఉన్న చోట అసలు రుద్దకూడదు, రుద్దిన కొద్దీ ఆ అంచు పెరుగుతుంది. రిమ్ములు విప్పి కొత్తగా నికెల్, క్రోమ్ పూయించమని ఇద్దరు ముగ్గురు మిత్రులు చెప్పారు. పాత పూత తీసి, ఉక్కును అరగదీసి, మళ్లీ పూసే ఆ పనిలో గుంటలు పూడాలంటే లోహం చాలా పోవాలి. గట్టిగా ఉన్న పాత రిమ్మును చుక్కలున్నాయన్న కారణంతో పలుచబరచడం నాకు సమ్మతం కాదు. ముప్పై ఏళ్లు ఉప్పుగాలిని తట్టుకున్న రిమ్ము మీద కొన్ని చుక్కలు ఉండడంలో తప్పేమీ లేదు.

చివరికి మెత్తని నూలుగుడ్డతో క్రోమ్ పాలిష్ పట్టించి, ఆరనిచ్చి, తుడిచి, కార్లకు వాడే మైనం రెండు పూతలు వేశాను. మెరుపు పాలిష్ వల్ల వస్తుంది గాని దాన్ని నిలిపేది మైనమే. అది రంధ్రాల నోళ్లను మూసి తేమను ఆపుతుంది.

సోమ, మంగళవారాల రాత్రులు

స్పోకులు ఎక్కువ ఓపిక కోరే పని. ముందు అవి ఏ రకమో తెలుసుకోవాలి. జింకు పూత ఉన్నవి బూడిదరంగులో మసకగా ఉంటాయి. వాటిని పాలిష్‌తో తళతళలాడించాలని చూస్తే పోయేది ఆ జింకే, అంటే తుప్పు నుంచి కాపాడే పొరే. క్రోమ్ వేసినవి రిమ్ములాగే చూసుకోవాలి. స్టెయిన్‌లెస్ స్పోకులు మాత్రమే ఎంత రుద్దినా తట్టుకుంటాయి. అయస్కాంతం అంటుకోకపోతేనే స్టెయిన్‌లెస్ అన్న పరీక్షను పూర్తిగా నమ్మలేము, ఎందుకంటే లాగి తయారుచేసిన స్టెయిన్‌లెస్ తీగకు కూడా కొంత అయస్కాంత గుణం వస్తుంది.

ఈ చక్రానివి పూత చాలావరకు నిలిచిన పాత స్పోకులు. పాత నూలు పంచెను వేలెడు వెడల్పు పేలికలుగా చింపి, పాలిష్ రాసి, స్పోకు చుట్టూ ఒక మెలిక వేసి, రెండు కొసలూ పట్టుకుని కవ్వం తాడులా అటూ ఇటూ లాగాను. ఇలా చేస్తే స్పోకు నాలుగు వైపులా ఒకేసారి రుద్దుకుంటుంది. రెండు స్పోకులు ఒకదాన్నొకటి దాటుతూ ఒరుసుకునే చోట పూత అరిగి తుప్పు మొదలవుతుంది. అక్కడికి పేలిక దూరదు, పళ్లు తోమే పాత బ్రష్షు, పత్తి చుట్టిన పుల్ల వాడాలి. ఇత్తడి నిపుళ్ల మీది పచ్చని చిలుముకు చింతపండు గుజ్జు చక్కగా పనిచేసింది. పూజ సామాను తోమే ఇళ్లలో ఈ సంగతి అందరికీ తెలుసు. అయితే ఆ పులుపు స్పోకు మరలో నిలవకుండా వెంటనే నీళ్లతో కడిగి, ఆరిన తరువాత నూనె చుక్క వేయాలి.

శుక్రవారం

హబ్బు అల్యూమినియంతో పోత పోసినది. స్పోకు తలలు ఆనే అంచుల దగ్గర తెల్లని పొడి తేలింది. ఉక్కూ అల్యూమినియమూ ఉప్పునీటిలో ఒకదానికొకటి తగిలి ఉంటే ముందు కరిగేది అల్యూమినియమే. ఆ పొడిని నైలాన్ బ్రష్షుతో రాల్చి, హబ్బు చదునైన భాగాన్ని 400, 800, 1200, 2000 నంబరు వాటర్ పేపర్లతో నీరు పోస్తూ వరుసగా రుద్దాను. ప్రతి నంబరుకూ రుద్దే దిశ మార్చాలి, అప్పుడే ముందటి కాగితం గీతలు పూర్తిగా పోయాయో లేదో కనిపిస్తుంది. ఆ తరువాత పాలిష్ పేస్టు. గుడ్డకు నల్లగా అంటేది ఊడివస్తున్న అల్యూమినియమే, దాన్ని మురికి అనుకుని తెల్లగా వచ్చే దాకా తుడవాలని ప్రయత్నించడం వృథా. స్పోకుల మధ్య గరుకు పోత భాగాన్ని రుద్దలేదు. కర్మాగారంలో కూడా దాన్ని మెరిపించలేదు, అది అలా ఉంటేనే బుల్లెట్ హబ్బులా ఉంటుంది.

శని, ఆదివారాలు

రిమ్ము లోపల ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే తుప్పు మందును బ్రష్షుతో పలుచగా పూశాను. అది మిగిలిన తుప్పును నల్లని ఇనుప ఫాస్ఫేటు పొరగా మారుస్తుంది. అంచుల క్రోమ్ మీదికి కారకుండా టేపు వేశాను. డబ్బా మీద చెప్పినట్టు కడిగి ఆరబెట్టాక జింకు ప్రైమరు, దాని మీద ఎపాక్సీ రంగు పలుచగా వేశాను. నిపుళ్ల తలల చుట్టూ రంగు సందుల్లోకి చేరాలి గాని గడ్డ కట్టకూడదు. పూర్తిగా గట్టిపడే దాకా ఆగి, కొత్త రబ్బరు పట్టీ వేసి, ట్యూబుకు పౌడరు రాసి, టైరు ఎక్కించాను. అంచు జారడానికి సబ్బు నీళ్లే వాడాను. నూనె, గ్రీజు రబ్బరును పాడుచేస్తాయి. బేరింగులకు కొత్త లిథియం గ్రీజు పెట్టి, డ్రమ్ము మీది అట్ట తీసి, బ్రేకు తగిలే తలాన్ని స్పిరిట్‌తో తుడిచి చక్రాన్ని బండికి బిగించాను.

వెనక చక్రం విప్పినప్పుడు ఒక విశేషం కనిపించింది. గొలుసు ఉన్న ఎడమ పక్క రిమ్ము మీద ఏళ్ల తరబడి చిందిన నూనె, ధూళి కలిసి నల్లమడ్డిగా పేరుకుపోయాయి. దాన్ని కిరోసిన్‌తో కరిగిస్తే కింద క్రోమ్ ఒక్క చుక్క తుప్పు లేకుండా బయటపడింది. శుభ్రంగా కనిపించిన కుడి పక్కే చుక్కలతో నిండి ఉంది. నూనె పొర గాలినీ ఉప్పునూ ఎంత సమర్థంగా ఆపుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే సాక్ష్యం అక్కర్లేదు. అందుకే ఇకపై రెండు చక్రాలనూ తరచు మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె తడిపిన గుడ్డతో స్పోకులను తుడవాలని నిర్ణయించాను. ఆ గుడ్డ డ్రమ్ము వైపు, టైరు వైపు పోకూడదు.

వెనక డ్రమ్ములో గొలుసు కుదుపును మెత్తగా ఆపే కుష్ రబ్బర్లు గట్టిపడి చిట్లాయి, కొత్త సెట్టు తెప్పించాను. ముందు చక్రంతో బండిని కొన్ని వందల కిలోమీటర్లు నడిపిన తరువాత స్పోకులను మళ్లీ తట్టి చూడాలి, ఎందుకంటే కదిలించిన నిపుళ్లు తమ గుంటల్లో సర్దుకునే కొద్దీ బిగువు కొంత తగ్గుతుంది. వెనక చక్రాన్ని, లోపల రంగు వేయకముందే, మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళతాను, అందులో గట్టిగా పట్టేసిన నిపుళ్లు ముందుదాని కంటే ఎక్కువ ఉన్నాయి.